ముందుకు జరిగే సీటు

మా ఆయన కారు అమ్మేద్దామని తేల్చింది తుప్పు చూసి కాదు. తుప్పుతో ఆయనకు ఏనాడో రాజీ కుదిరిపోయింది. తలుపుల అంచులు పెచ్చులుగా రాలుతున్నా, వెనక చక్రం మీది రేకులో నా బొటనవేలు పట్టేంత కన్నం పడినా, “అదంతా పైపైదే, ఇంజను బంగారం” అని వెనకేసుకొచ్చేవారు. ఆయన ఓపిక నశించింది సీటు దగ్గర.

ఆయనకు చిన్న ప్రింటింగు ప్రెస్సుంది. ఇంటికి దగ్గరే కాబట్టి పొద్దున్న నడిచే వెళ్తారు. సాయంత్రం ఇంటికొచ్చి, అచ్చయిన కట్టలు షాపులకు చేరవేయడానికి కారు తీస్తారు. అలా తీయబోయినప్పుడల్లా మోకాళ్ళు స్టీరింగుకు కొట్టుకునేవి. ముందురోజు తను దిగినప్పుడు వెనక్కున్న సీటు, ఈరోజు ఎక్కేసరికి ముందుకొచ్చి ఉండేది. మా ఆయన పొడగరి. కడుపు సంగతి నేను చెప్పను. మొత్తానికి ఆ సీట్లో ఇరుక్కుని, “ఇదిగో, మళ్ళీ జరిగింది! కింద పట్టాలు కూడా తుప్పు పట్టిపోయాయి. రేపు నేను నడుపుతుండగా జరిగితే ఏం గాను?” అని వీధి వినేలా కేకలు పెట్టేవారు. ముక్కు మీద కోపం మనిషి. నేను లోపల్నుంచి “జాగ్రత్త” అని ఒక మాట అనేసి నా పని చూసుకునేదాన్ని.

ఓ సాయంత్రం మోకాలు రుద్దుకుంటూ లోపలికొచ్చి తీర్మానం చెప్పేశారు.

“బాగుచేయించడానికయ్యే ఖర్చుతో సగం కారు కొనొచ్చు. అమ్మేద్దాం. మంచిది, చిన్నది, మెరిసేది ఒకటి తీసుకుందాం.”

నాకేం అభ్యంతరం లేదు. ఆ కారంటే నాకు పడదు. పెళ్ళైన కొత్తలో ఆయన నాకు డ్రైవింగు నేర్పుతానని అందులోనే కూర్చోబెట్టారు. క్లచ్చు ఒక్కసారిగా వదిలేసినందుకు ఆయన అరిచిన అరుపుకి నేను నడిరోడ్డు మీద దిగి, కారునూ ఆయన్నీ అక్కడే వదిలేసి, నడుచుకుంటూ ఇంటికొచ్చేశాను. మళ్ళీ ఆ సీట్లో కూర్చుంటే ఒట్టు అనుకున్నాను. కూర్చోలేదు.

మా అత్తగారు మాత్రం చేతిలో చిక్కుడుకాయ సగం తుంచి అలాగే ఉండిపోయారు. మామగారు కొన్న కారు కదా, బెంగ కాబోలు అనుకున్నాను. ఆయన పోయి ఐదేళ్ళు. ముప్పై ఏళ్ళపాటు అత్తగారు ఆయన పక్క సీట్లో కూర్చుని “ఎడమకి తిప్పండి, మలుపొస్తోంది, హారన్ కొట్టండి” అని దారి చెప్పారు. ఆ బండితో అంత చుట్టరికం ఉన్న మనిషికి బాధ ఉండదా మరి!

కొనేవాళ్ళు రావడం మొదలైంది. మా అత్తగారి అసలు రంగు అప్పుడు బయటపడింది.

మొదట ఒక కొత్త జంట వచ్చారు. అమ్మాయికి కారు నచ్చింది, అబ్బాయికి ధర నచ్చింది. మా ఆయన మొహం వెలిగిపోతుండగా అత్తగారు వాళ్ళకి టీ ఇస్తూ, “వానొస్తే మాత్రం లోపల గొడుగేసుకోండమ్మా” అన్నారు. ఆ అమ్మాయి మా ఆయన వంక చూసింది. మా ఆయన ఆకాశం వంక చూశారు.

తరవాత వచ్చిన లెక్కల మాస్టారు జాగ్రత్తపరుడు. ప్రతి చక్రాన్నీ తట్టి చూశారు. ఆయనకు టీ కూడా ఇవ్వకుండానే అత్తగారు, “వెనక తలుపు తెరుచుకోవాలంటే ముందొకసారి తన్నాలి బాబూ. చెప్పులేసుకుని తన్నండి, కాలు నొప్పెడుతుంది” అని వివరంగా చెప్పారు. మాస్టారు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

“నీ నోటికి తాళం వేయలేవా అమ్మా?” అన్నారు మా ఆయన, తల పట్టుకుని.

“అబద్ధాలాడి అమ్ముకోమంటావేంట్రా? నిన్నలా పెంచానా?”

నాకు మాత్రం నవ్వాగలేదు. పొరుగింటివాళ్ళు కొత్త పరదాలు ఎలా ఉన్నాయని అడిగితే, చిరుగు కళ్ళముందే ఉన్నా “బ్రహ్మాండం” అనే మనిషి మా అత్తగారు. ఈ సత్యసంధత ఎప్పట్నుంచి?

మూడోవాడు బేకరీ ఆయన. ఏం చెప్పినా చెక్కుచెదరలేదు. గొడుగన్నా నవ్వాడు, తన్నడమన్నా నవ్వాడు. “రొట్టెలు మోయడానికేగా అమ్మా, వాటితోపాటు నన్ను మోస్తే చాలు. ఆదివారం వచ్చి పట్టుకుపోతాను” అన్నాడు. అత్తగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

ఇక అమ్మడం ఖాయమనుకున్నాక మా ఆయనకు కొత్త దిగులు పట్టుకుంది. ఆ సీటు బేకరీ ఆయన కింద జరిగి, ఏదైనా జరిగితే పాపం మనకే చుట్టుకుంటుందని శనివారం పొద్దున్నే మెకానిక్కుని ఇంటికి పిలిపించారు. మా మెకానిక్కు పనికంటే కబుర్లు ఎక్కువ చెప్తాడు. అలాంటివాడు సీటు కింద తల దూర్చి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి తల బయటికి తీసి, “సార్, ఈ కారు మొత్తం మీద తుప్పు పట్టనివి ఈ పట్టాలే” అన్నాడు.

“అదెలా?”

“ఎవరో నూనె వేశారు. కుట్టుమిషను నూనె, వాసన చూడండి. సీటు దానంతటది ఎందుకు జరుగుతుంది సార్, ఎవరో జరపాలిగానీ. ఇదిగో, ఇదెవరిదో చూడండి.”

అతని చేతిలో ఒక దిండు. హాల్లో సోఫా మీద నుంచి మాయమైందని నేను ఇల్లంతా వెతికిన దిండు. ఎత్తు చాలనివాళ్ళు సీటు మీద వేసుకోవడానికి సరిగ్గా సరిపోయేంత దిండు.

మా ఇంట్లో కుట్టుమిషను ఒకరిదే. ఎత్తు చాలనిదీ ఒకరికే.

ముగ్గురం వంటింటి కిటికీ వైపు తిరిగాం. అత్తగారు కిటికీ దగ్గర్నుంచి తప్పుకోబోయి, ఇక లాభం లేదనుకున్నారేమో, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చారు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. నెల్లాళ్ళ కిందట అత్తగారు షాపుకొచ్చి, “దగ్గరివి బానే కనిపిస్తున్నాయి, దూరానివి చూడవే” అన్నారు. దూరానివెందుకని అడిగితే “వచ్చేపోయేవాళ్ళని చూడటానికి” అన్నారు. నేను వీధి కబుర్లకి కాబోలనుకుని నవ్వుతూ అద్దాలు బిగించి ఇచ్చాను!

“నేనే,” అన్నారు అత్తగారు. “మధ్యాహ్నాలు మీరిద్దరూ పనికి పోయాక కూర్చుంటున్నా. తాళం పెట్టను, భయపడకు. గేర్లు మార్చడం, అద్దంలో చూడటం, అంతే. చెయ్యి కుదిరింది కూడా.”

మా ఆయన పకపకా నవ్వేశారు. “ఈ వయసులో నువ్వు కారు నడుపుతావా!”

ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపు అత్తగారే అన్నారు.

“మీ నాన్ననడిగితే, కారు కొత్తది, గీతలు పడతాయన్నారు. సరే, పాతబడనీ అనుకున్నా. పాతబడేసరికి ఆయన పోయారు. నువ్వు నడుపుతున్నావు. నిన్నడగడానికి ధైర్యం కూడగట్టుకునేలోపు అమ్మేస్తానంటున్నావు. మెరిసేది కొంటావట. దానికీ గీతలు పడతాయంటావు. అది పాతబడేదాకా నేనుండొద్దురా?”

మా ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది. ఆయన కోపం ఎంత తొందరగా వస్తుందో కన్నీళ్ళూ అంత తొందరగానే వస్తాయి. మొహం పక్కకి తిప్పుకుని ఆ తుప్పు కన్నాన్ని చాలా శ్రద్ధగా పరీక్షించారు. నాకు మాత్రం ఆ క్షణంలో అత్తగారిని గట్టిగా కావలించుకోవాలనిపించింది. కావలించుకున్నాను కూడా. ఆవిడ చేతులకున్న చిక్కుడుకాయల పీచు నా భుజానికి అంటుకుంది.

“ఏమేం బాగుచేయాలో చెప్పవయ్యా,” అన్నారు మా ఆయన మెకానిక్కుతో.

మెకానిక్కుకి మాటలొచ్చేశాయి. “బ్రేకులు పూర్తిగా మార్చాలి. కాళ్ళ కింద రేకు కొత్తది వేయాలి. వైపర్లు. ఇక పైన తుప్పంతా గీకించి, మంచి రంగు కొట్టిస్తే సార్, పెళ్ళికూతురే!”

“రంగొద్దు,” అన్నారు అత్తగారు ఠక్కున.

“అదేంటమ్మా, రంగేస్తేనే గదా అందం?” అన్నాడు మెకానిక్కు.

“రంగేస్తే మళ్ళీ కొత్తదైపోతుంది. వీడి ప్రాణం దాని మీదే ఉంటుంది. పైన ఎలా ఉందో అలాగే ఉంచు నాయనా. బ్రేకులు మాత్రం గట్టిగా చూడు.”

బేకరీ ఆయనకు ఫోన్ చేసి మా ఆయన కాసేపు నీళ్ళు నమిలి, చివరికి ఉన్నదున్నట్టు చెప్పేశారు. అవతల పెద్ద నవ్వు. “మంచిపని చేశారు సార్. ఈ సంగతి మా అమ్మ చెవిన మాత్రం వేయకండి” అన్నాడట.

పాఠాలు మొదలయ్యాయి. నా మీద అరిచిన నోరే కదా, తల్లి మీద ఎలా అరుస్తుందో చూద్దామని నేను వెనక సీట్లో ఎక్కి కూర్చునేదాన్ని. చూడముచ్చటగా ఉండేది. “అమ్మా, క్లచ్చు... మెల్లగా అమ్మా... బ్రేకు, బ్రేకు, అమ్మోయ్!” అంటూ మా ఆయన తలుపు పిడి పట్టుకుని వేలాడేవారు. వేలాడీ వేలాడీ ఆ పిడి ఊడి చేతికొచ్చింది. అత్తగారు కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండా, “నేను మీ నాన్నకి ముప్పై ఏళ్ళు దారి చెప్పాను, ఒక్కసారైనా అరిచానా? నోరు మూసుకుని మలుపు చెప్పు” అనేవారు. కోపం మింగడం మా ఆయన నేర్చుకున్నారు. కారు నడపడం అత్తగారు నేర్చుకున్నారు. ఎవరికి ఎక్కువ కష్టమైందో చెప్పలేను.

లైసెన్సు చేతికొచ్చిన రోజు సాయంత్రం నేను షాపు కట్టేసి బయటికొచ్చేసరికి ఎదురుగా మా కారు. స్టీరింగు వెనక దిండు మీద అత్తగారు, దూరపు కళ్ళజోడుతో రాణిలా కూర్చుని ఉన్నారు. “ఎక్కు,” అన్నారు. ఎక్కాను. వెనకాల ఎవరో హారన్ కొడుతూనే ఉన్నారు. “తొందరుంటే వాళ్ళు నడిచెళ్ళొచ్చుగా?” అంటూ ఆవిడ దర్జాగా కదిలారు. ఇల్లు చేరేదాకా పెదాలు కదులుతూనే ఉన్నాయి. చెవి పెట్టి వింటే, “ఎడమకి తిప్పండి, మలుపొస్తోంది” అని తనకి తనే చెప్పుకుంటున్నారు.

అంతా బాగానే జరిగింది. మా గేటు దగ్గర మాత్రం ధన్‌మని శబ్దమైంది. గేటు ఒక రెక్క వంగిపోయింది. మా ఆయన ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చారు. ముందు తల్లిని చూశారు, తరవాత నన్ను, ఆ తరవాత కారు చుట్టూ తిరిగారు. వంగి చూశారు, చేత్తో తడిమి చూశారు, మళ్ళీ చుట్టూ తిరిగారు.

“ఎక్కడ తగిలింది?”

నేనూ దిగి వెతికాను. సొట్టలు బోలెడున్నాయి. అందులో ఇవాళ్టిది ఏదో మా ఇద్దరికీ అంతుపట్టలేదు. మా ఆయన బానెట్టు మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టారు. నేనూ నవ్వాను. అత్తగారు కూడా, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

నవ్వు తగ్గాక అత్తగారు దిగారు. దిండు తీసి చంకలో పెట్టుకున్నారు. నా వైపు చూసి, “రావే, నువ్వు కూర్చో. వీడు అరవడు, నేను పక్కనుంటాగా” అన్నారు.

నేను కదలకముందే ఆవిడ వంగి సీటు కింద మీట పట్టుకుని, నా కాళ్ళు పట్టేలా సీటుని వెనక్కి జరిపారు.