బాన్ ముందు, యోమ్ వెనక

గణిత శాస్త్రవేత్త ఏం చేస్తుందో పిల్లలకు అర్థమయ్యేలా రాయమని బడిపిల్లల పత్రికవాళ్లు అడిగారు. "కాస్త సరదాగా ఉండాలి మేడమ్" అన్నారు. సరదా నా దగ్గర లేదు. ఒళ్లు మండించే సంగతి ఒకటుంది, అదే రాస్తున్నాను.

ముందు నా పని చెబుతాను. ఒక తాడుకు వదులుగా ముడి వేసి, రెండు కొసలూ కలిపి అతికించేయండి. కత్తెర వాడకుండా ఆ ముడి విప్పగలరా? సాయంత్రం దాకా లాగి లాగి విసిరికొడతారు. అప్పటికి తేలింది మీకు చేతకాలేదనే. ఎవరికీ, ఎన్నటికీ చేతకాదని చెప్పాలంటే కారణం కావాలి. ఆ కారణం వెతకడమే నా పని. కొన్ని ముడులను కాగితం మీద గీసి, ఒక పద్ధతి ప్రకారం మూడు రంగులు వేస్తే, అవి ఎన్నటికీ విడిపోవని తేలిపోతుంది. రంగులకు లొంగని మొండివీ ఉన్నాయి. వాటికోసం కొత్త పరీక్ష కనిపెట్టడానికి నాకు ఏళ్లు పట్టింది. అందులో సగం కాలం తప్పుదారిలోనే నడిచాను.

నా దగ్గర చదువుకుని, కొరియాలోని జియోంజు యూనివర్సిటీలో మా గణిత విభాగంలోనే చేరిన బాన్ గ్యూచల్ ఆఖర్న వచ్చి ఈ పనిలో చేరాడు. నా పరీక్షను కంప్యూటర్‌లో వేల ముడుల మీద నడిపి చూశాడు. చురుకైనవాడే, కాదనను. వ్యాసాలన్నీ ఇద్దరి పేర్లతో వచ్చాయి: బాన్, యోమ్. కొరియా అక్షరాల్లో చూసినా, ఇంగ్లీషులో చూసినా అతను ముందొస్తాడు, నేను వెనకొస్తాను. గణితం వాళ్లం ఎవరెంత చేశారో తూచం, అక్షరాల వరసలో రాసేస్తాం. తూచడం మొదలుపెడితే బోర్డు దగ్గర కలిసి కూర్చున్నప్పుడు ఎవరూ తమకు తట్టిన ఆలోచన బయటపెట్టరు.

వ్యాసాలు వచ్చాక ఒక చలికాలం, నా ఉద్యోగం ఖాయం చేయాలా, ఇంటికి పంపాలా అని యూనివర్సిటీ కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు కూ గారు కాంక్రీటు ఇంజినీరు. ఇంజినీర్ల వ్యాసాల్లో అసలు పని చేసినవాడి పేరే ముందుంటుంది. కమిటీ లెక్కలోనూ మొదటి పేరుకే విలువ. బాన్‌ను కూడా పిలిపించారు.

"ఒక్కదాంట్లోనైనా మీరు ముందున్నారా యోమ్ గారూ?" బార్లీ టీ చప్పరిస్తూ అడిగాడాయన.

"అది అక్షరాల వరసండీ. నా పేరు ఎప్పుడూ చివరే వస్తుంది."

"అయితే తప్పంతా మీ ఇంటిపేరుదన్నమాట."

పక్కవాళ్లు కిసుక్కుమన్నారు.

"మా పద్ధతి అంతేనండీ. ఏ గణితం మాస్టారినైనా అడగండి."

"అడుగుతున్నాంగా. బాన్ గారూ, అసలు పని ఎవరిది?"

బాన్ టై సర్దుకున్నాడు. "కలిసే చేశామండీ. మేడమ్ కూడా చాలా సాయం చేశారు."

కూడానట. సాయమట. నా ఒళ్లంతా భగ్గుమంది.

కూ గారు మెత్తబడ్డారు. "మేమేం రాక్షసులం కాదమ్మా. వ్యాసాలు వేసిన పత్రికలకు రాసి పేర్లు ముందూ వెనకా మార్పించుకోండి. నేను సంతకం పెట్టేస్తా."

"నాకేం అభ్యంతరం లేదు మేడమ్" అన్నాడు బాన్, ముఖం వెలిగిపోతూ. "మొదటి స్థానం మీకిచ్చేస్తా. మీ దగ్గర చదువుకున్నవాణ్ణి, ఆమాత్రం చెయ్యనా?"

ఎంత మంచి మనసోనని అందరూ అతన్నే మెచ్చుకున్నారు. ఒకాయన భుజం కూడా తట్టాడు.

నేను తలూపితే చాలు, ఉద్యోగం నిలబడుతుంది. ఈ వయసులో ఇంకో యూనివర్సిటీ నన్ను తీసుకోదని నాకు తెలుసు. కానీ తలూపితే, ఇన్నాళ్లూ అసలు పని అతనిదేనని, ఇప్పుడు నాకు దానం చేశాడని నేనే ఒప్పుకున్నట్టు.

"ఇవ్వడానికి అది నీదెప్పుడయిందిరా?" అన్నాను.

బాన్ తల దించుకున్నాడు. నిజం మాత్రం చెప్పలేదు.

ఉద్యోగం ఖాయం చేయలేదని, ఫిబ్రవరి చివరికల్లా విభాగంలో నా గది ఖాళీ చేయమని ఉత్తరం వచ్చింది. అవే వ్యాసాలు చూపించి మరుసటి ఏడు బాన్ ఉద్యోగం ఖాయం చేసుకున్నాడు. నా గది కూడా అతనికే ఇచ్చారు.

మొన్న ఫోను చేశాడు. "మేడమ్, మన పరీక్ష రుజువులో మధ్య మెట్టు ఎందుకు నిజమో విద్యార్థులు అడుగుతున్నారు. నాకు చెప్పడం రావట్లేదు. ఒక్కసారి చెబుతారా?"

చెప్పాను. పిల్లలకు తప్పు పాఠం వెళ్లకూడదు కాబట్టి, నిదానంగా, మొదటి నుంచీ చెప్పాను. అతను రాసుకున్నాడు. ఫోను పెట్టేసి, ఆ కోపంతోనే ఇది రాయడానికి కూర్చున్నాను.