బెత్తెడు సముద్రం

విదేశయాత్ర ఫొటోలు చూసి నోరు తెరిచేవాళ్లు కాసేపు కూర్చుని ఇది చదవండి. నేను చదివింది ఎనిమిదో తరగతి, రాతలో తప్పులుంటే సర్దుకోండి. లిఫ్టుల గురించీ మా బావమరిది గురించీ చెప్పేదాంట్లో మాత్రం తప్పుండదు. రెండింటినీ ముప్పై ఏళ్లుగా దగ్గర్నుంచి చూస్తున్నాను.

నేను లిఫ్టు మెకానిక్‌ని. వాడికి సోఫాల షాపు. వాడి మాటలూ వాడి సోఫాల్లాగే ఉంటాయి. కూర్చునేదాకా మెత్తగా ఉంటాయి, కూర్చున్నాక మేకులు తెలుస్తాయి.

మా ఆవిడకి యాభై నిండాయి. సముద్రం చూడలేదు. మా ఊరి నుంచి ఏడు గంటల బస్సు ప్రయాణం, అంతే. మూడుసార్లు బయల్దేరాం. మొదటిసారి సంచి సర్దాక ఆసుపత్రిలో లిఫ్టు ఆగిందని కబురొచ్చింది. రెండోసారి బస్టాండులో ఉండగా ఫోనొచ్చింది. మూడోసారి బస్సెక్కి సీట్లో కూర్చున్నాం. మళ్లీ ఫోను. కండక్టర్ని బతిమాలి ఊరి చివర దిగాం. ఆ రోజు నుంచి ఆవిడ సముద్రం పేరెత్తలేదు. టీవీలో సముద్రం వస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఒకరోజు బావమరిది ఫోను పట్టుకుని ఊడిపడ్డాడు.

"అక్కా, ఇది చూడు. హోటల్ గది. కిటికీ తెరిస్తే సముద్రం. మంచం మీద పడుకునే చూసుకోవచ్చు."

ఆవిడ ఆ బొమ్మని రెండు వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. అంతసేపు నా మొహాన్ని ఎప్పుడూ చూడలేదు.

"సముద్రం కోసం విమానం ఎక్కాలా? మన దగ్గర లేదా?" అన్నాను.

"నువ్విక్కడుంటే ఏదో ఒక లిఫ్టు ఆగుతుంది బావా. దేశం దాటిస్తే గానీ నీ ఫోను నోరు మూసుకోదు."

వాడు నిజం చెప్పడం అరుదు. అందుకే పడిపోయాను.

ఐదు రోజుల టూరు. బావమరిదీ వాడి పెళ్లాంతో కలిపి ఇరవై రెండు మందిమి. దిగగానే ఒక గైడు ఎదురొచ్చాడు. మన భాష కొంచెం కొంచెం వచ్చు. ఎండా లేదు, వానా లేదు, అయినా ఎర్ర గొడుగొకటి ముడిచి పైకెత్తి పట్టుకుని నడిచేవాడు. దాన్ని చూసుకుంటూ మేమంతా వెనకాలే. అతనికి గొడుగాయన అని పేరు పెట్టాను. అసలు పేరు తెలుసుకోవాలన్నంత గొప్ప పని అతనేమీ చేయలేదు.

హోటల్లో మా గది ఆరో అంతస్తు. లోపలికి రాగానే మా ఆవిడ చేతిసంచీ కూడా దించకుండా కిటికీ దగ్గరికెళ్లి తెర లాగింది. ఎదురుగా పక్క బిల్డింగు గోడ. చెయ్యి చాపితే అందుతుంది. గోడకి మూడు ఏసీ డబ్బాలు, ఒకదాని కింద నీళ్లు కారే మచ్చ. ఆవిడ తెర మూసింది. మళ్లీ తీసి చూసింది. రెండోసారి తీస్తే గోడ తప్పుకుంటుందేమో అన్నట్టు.

బావమరిదిని పిలిచాను.

"ఏరా, ఇదేనా సముద్రం?"

"ఫొటోలో ఉన్నది ఈ హోటలే బావా. కాకపోతే అవతలి వైపు."

"మరి మనం ఇవతలి వైపు ఎందుకున్నాంరా తమ్ముడూ?" అంది మా ఆవిడ.

"అది వేరే ప్యాకేజీ అక్కా. అయినా గదిలో కూర్చోడానికొచ్చామా? రేపట్నుంచి తిరుగుడే తిరుగుడు!"

తిరిగాం. ఏం తిరిగాం! బస్సు ఆగుతుంది, గొడుగు లేస్తుంది, దిగుతాం, ఫొటో తీసుకుంటాం, ఎక్కుతాం. ఒక కోట ముందు ఏడు నిమిషాలు. ఒక వంతెన మీద బస్సు ఆపకుండానే "ఎడమవైపు చూడండి" అన్నాడు. అందరూ ఎడమవైపుకి ఫోన్లెత్తారు. కళ్లతో చూసినవాడు ఒక్కడు లేడు. తోలు బ్యాగుల షాపులో గంట, రంగురాళ్ల షాపులో గంట, పరుపుల షాపులో రెండు గంటలు! దేశం కాని దేశంలో, పొద్దున పదకొండింటికి, చెప్పులు విడిచి వరసగా పరుపుల మీద పడుకోబెట్టారు మమ్మల్ని. ఒకాయన గురక కూడా పెట్టాడు. మా బావమరిది ఒక్కో పరుపునీ నొక్కి చూసి తలాడిస్తుంటే, వాడి పెళ్లాం ఆ తలాడింపుని వీడియో తీసింది.

మా ఆవిడ పరుపు అంచున కూర్చుని గొడుగాయన ఇచ్చిన కాగితం మడతలు విప్పింది. "ఐదో రోజు. తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా సముద్రం. అక్కణ్ణుంచి విమానాశ్రయం" అని నెమ్మదిగా చదివింది.

"పరుపులకి రెండు గంటలు, సముద్రానికి గంటా?" అన్నాను.

"గంట చాలు లెండి. యాభై ఏళ్లకి గంటైనా దొరికింది" అంది. కాగితాన్ని మళ్లీ అవే మడతల్లో మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఇక మిగతా షాపుల్లో ఎవరేం చూపించినా ఆవిడకి పట్టలేదు.

ఇప్పుడు ఆ హోటల్ లిఫ్టు గురించి చెప్పాలి. మొదటిరోజే దాని గొంతు నాకు నచ్చలేదు. నాలుగో అంతస్తు దాటేటప్పుడు తలుపు దగ్గర టకటకమనేది. తలుపు పూర్తిగా మూసుకుందని లిఫ్టుకి చెప్పడానికి పైన చిన్న ఇత్తడి ముక్కలుంటాయి. అవి తాకుతుంటేనే లిఫ్టు నడుస్తుంది, విడిపోతే ఆగిపోతుంది. అవి అరిగిపోయాయి. కిందికెళ్లి కౌంటర్లో అమ్మాయికి చేతులతో, నోటితో టకటకలాడించి చూపించాను. ఆ అమ్మాయి నవ్వి, నా చేతిలో ఒక చాక్లెట్టు పెట్టింది.

బావమరిది అక్కడే ఉన్నాడు. "ఇక్కడ కూడా డ్యూటీయేనా బావా? పరువు తీయకు" అన్నాడు. పరువట! కౌంటర్ వెనక గోడంతా సముద్రం బొమ్మ అతికించి ఉంది, దాని ముందు నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడి ఫొటో తీయించుకుంటున్నాడు అప్పుడు. వీడి పరువు నేను తీయాలా?

ఐదో రోజు పొద్దున ఎనిమిదిన్నరకి బస్సు. మా ఆవిడ ఏడింటికే తయారు. తడి చెప్పులు పెట్టుకోడానికి ఒక ప్లాస్టిక్ కవరు మడిచి చేతిలో పట్టుకుంది. పెట్టెలు ముందే దించేశారు. నేనూ, ఆవిడా, బావమరిదీ, వాడి పెళ్లాం, నలుగురం లిఫ్టెక్కాం.

లిఫ్టు దిగుతోంది. నాలుగు దగ్గరికొచ్చేసరికి టకటక మొదలైంది. ఆ రోజు మరీ ఎక్కువ. ముప్పై ఏళ్ల అలవాటు, ఏం చెయ్యను? తలుపు ఎంత వణుకుతోందో చూద్దామని అరచెయ్యి ఆనించాను. నిజం చెప్పాలంటే ఆనించి కొంచెం నొక్కాను.

లిఫ్టు ఆగిపోయింది.

నడిచే లిఫ్టు తలుపు మీద చెయ్యి వేయొద్దని ఎన్ని బిల్డింగుల్లో ఎంతమంది పిల్లల్ని కసిరానో. ఏ పిల్లవాడూ ఇంత పని చేయలేదు.

మీటలన్నీ నొక్కి చూశాను. పాత రకం లిఫ్టు, ఒకసారి ఇలా ఆగితే పైన మోటారు గదిలోంచే మళ్లీ నడిపించాలి. ఆ సంగతి నాకు తెలుసు. నా మొహం చూడగానే మా ఆవిడకీ తెలిసిపోయింది.

"ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్ల లిఫ్టులు ఆపాయి" అంది. "ఈసారి మీ చేత్తో మీరే ఆపారు."

అంతే. చేతిలో ఉన్న కవరుని మడతపెట్టడం మొదలుపెట్టింది. సగం, అందులో సగం, అందులో సగం.

బావమరిది మాత్రం వెంటనే ఫోను తీసి వీడియో మొదలెట్టాడు. "ఫ్రెండ్స్, మేం చావుబతుకుల మధ్య ఉన్నాం..."

"నోర్ముయ్యరా! కౌంటర్‌కి ఫోను చెయ్యి ముందు."

వాడు చేశాడు. మెకానిక్ వస్తాడన్నారు. గొడుగాయనకీ చేశాడు. అతను పది నిమిషాలు ఆగుతానన్నాడు. పది నిమిషాలయ్యాక తనే ఫోన్ చేసి, మిగతావాళ్లకి ఆలస్యమవుతోంది, మీకు పన్నెండింటికి వ్యాను పంపిస్తా, నేరుగా విమానాశ్రయానికే, అన్నాడు.

నేరుగా అన్న మాట దగ్గర మా ఆవిడ చేతిలో మడత ఆగింది.

బావమరిదికి ఉక్రోషం వచ్చింది. తలుపు సందులో వేళ్లు పెట్టి లాగాడు. జానెడు తెరుచుకుంది. ఎదురుగా సిమెంటు గోడ, దాని కింద మూడో అంతస్తు బయటి తలుపు పైభాగం ఓ మూడడుగులు.

"దాన్నీ తెరిచి కిందికి దూకేస్తా. పరిగెత్తితే బస్సు దొరుకుతుంది" అన్నాడు.

వాడి కాలరు పట్టుకుని వెనక్కి లాగాను. "సగం బయట, సగం లోపల ఉండగా లిఫ్టు కదిలిందనుకో, నిన్ను రెండు పెట్టెల్లో ఇంటికి తీసుకెళ్లాలి. కూర్చో!"

"నువ్వు చేసిన నిర్వాకానికి నేను కూర్చోవాలా బావా?"

"ఏమండీ, ఆయన చెప్పినట్టు వినండి" అని వాడి పెళ్లాం ఏడుపు అందుకుంది. "అన్నయ్యగారూ, గాలి ఆడుతుందా ఇందులో?"

"ఆడుతుందమ్మా. మీ ఆయన మాట్లాడటం ఆపితే ఇంకా బాగా ఆడుతుంది."

తొమ్మిదిన్నర దాటాక పైన మోటారు గదిలో అడుగుల చప్పుడైంది. లిఫ్టు మెల్లగా మూడో అంతస్తుకి దిగింది. కాసేపటికి బయటి తలుపు తెరుచుకుంది. ఎదురుగా నా ఈడువాడే ఒక మనిషి, గోళ్ల సందుల్లో గ్రీజు, చేతిలో మూడు మూలల తాళంచెవి. లిఫ్టు తలుపులు బయట్నుంచి తెరిచే తాళంచెవి అది. బావమరిది అతన్ని తోసుకుంటూ కౌంటర్ మీదికి యుద్ధానికి పోయాడు, వాడి వెనకే పెళ్లాం.

నేను జేబులోంచి నా ఇంటి తాళాల గుత్తి తీసి చూపించాను. అందులోనూ అదే తాళంచెవి. దేశం దాటినా దాన్ని ఇంట్లో పెట్టి రాలేకపోయాను.

అతను నా తాళంచెవి చూశాడు, తనది చూశాడు, పకపకా నవ్వాడు. నేను తలుపు పైకి వేలు చూపించి టకటక అన్నాను. అతను తల కొట్టుకున్నాడు. తర్వాత కింద కౌంటర్ ఉన్న వైపు చెయ్యి చూపించి, చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు. అతను చెప్పినా వాళ్లు వినలేదన్నమాట. ఐదు రోజుల్లో నాకు అర్థమైన మొదటి మనిషి.

అప్పుడు మా ఆవిడని చూపించాను. చేత్తో అలలు వేసి చూపించాను. గడియారం చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాను. చివర్న నా అరచెయ్యి చూపించి, దాని మీద నేనే ఒక దెబ్బ వేసుకున్నాను. అతను ఒక్క నిమిషం ఆలోచించి, రమ్మని మెట్ల వైపు నడిచాడు.

తొమ్మిది అంతస్తులు ఎక్కించాడు. మా ఆవిడ మోకాళ్లు పట్టుకుని ప్రతి మలుపులోనూ ఆగింది, వద్దని మాత్రం అనలేదు. పైన మోటారు గది. నూనె వాసన, తాళ్లు తిరిగే చక్రం, గోడకి ఎవరో వదిలేసిన చొక్కా. నాకైతే పుట్టింటికి వచ్చినట్టుంది. అతను వెనక ఇనప తలుపు గడియ తీసి తోశాడు.

రెండు బిల్డింగుల మధ్య, బెత్తెడు సముద్రం.

ఫొటోలోలా నీలంగా లేదు. బూడిద రంగు. దూరంగా ఒక పడవ అగ్గిపుల్లంత. ఆవిడ గడప మీద నిలబడి చూసింది.

"ఇంతేనా?" అంది.

ఇంకే సందులోనైనా ఇంకాస్త కనిపిస్తుందేమోనని అటూ ఇటూ వెతికాను.

"కదులుతూనే ఉందే" అంది మళ్లీ, అటే చూస్తూ.

అతను ఒక ఖాళీ డబ్బా బోర్లించి గుడ్డతో తుడిచాడు. ఆవిడ కూర్చుంది. కింద నుంచి బావమరిది నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగోసారి ఆవిడే నా ఫోను లాక్కుని ఆపేసింది. నేనూ అతనూ లిఫ్టుని పై అంతస్తుకి తెప్పించి తలుపు ఇత్తడి ముక్కలు మార్చాం. మధ్యలో ఒకసారి తొంగి చూస్తే, కవరు మడతలన్నీ విప్పి ఒళ్లో పరుచుకుని కూర్చుని ఉంది. మొత్తం గంటన్నర. గొడుగాయన ఇస్తానన్న దానికంటే అరగంట ఎక్కువే.

ఊరికొచ్చిన వారానికి బావమరిది చుట్టాలందర్నీ పిలిచి ఫొటోలు టీవీలో వేశాడు. తను నల్లకళ్లద్దాలతో, వెనక నీలంగా సముద్రం.

"మా అక్క మాత్రం పాపం చూడలేకపోయింది. బావ చేతి చలవ!" అన్నాడు.

అందరూ అయ్యో అన్నారు. మా ఆవిడ టీవీ దగ్గరికెళ్లి వాడి భుజం పక్కన వేలు పెట్టింది.

"నీ సముద్రానికి స్విచ్ బోర్డు ఉందేంట్రా?"

ఆ తర్వాత వాడు టీవీ కట్టేయడానికి రిమోటు వెతుక్కోవడం నేను కళ్లారా చూశాను. ఐదు రోజుల టూరులో చూడదగ్గది ఏదైనా ఉందంటే అదే. అదీ ఊళ్లోనే చూశాను.

మొన్న శుక్రవారం పొద్దున నేను స్నానం చేస్తుంటే ఫోను మోగింది. నాలుగంతస్తుల బిల్డింగు, లిఫ్టు ఆగిందట. మా ఆవిడ ఎత్తింది.

"లోపల మనుషులెవరైనా ఉన్నారా?" అని అడగడం వినిపించింది. "లేరా? అయితే మెట్లెక్కండి. ఆయన ఆదివారం దాకా రారు."

తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసరికి సంచి గుమ్మం దగ్గర ఉంది. దాని మీద ఆ ప్లాస్టిక్ కవరు. నా తాళాల గుత్తిలోంచి మూడు మూలల తాళంచెవిని విడిగా తీసి, టీవీ మీద పెట్టేసింది.