ఆవిరి బదులు కరెంటు

మా బావ స్పానర్ పట్టుకుంటే ఎంతటి మొండి బోల్టయినా మాట వినేది. ఇంట్లో కుళాయి మాత్రం మూడు నెలలుగా కారుతోందని అక్క దెప్పుతూ ఉండేది. నాకు పని నేర్పింది ఆయనే. అందుకే ఆయనకు ఏదైనా చెప్పాలంటే నాకు నోరు పెగిలేది కాదు.

ఫ్యాక్టరీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే టవరు మా ఇద్దరి చేతికింద ఉండేది. దాని నిండా నల్లటి బొగ్గు. అది గ్యాస్ పీల్చి పీల్చి నిండిపోయాక వేడిచేస్తే, పట్టుకున్నదంతా వదిలేస్తుంది. దాన్ని సిలిండర్లలోకి పంపేవాళ్లం. పాత టవరును ఆవిరితో వేడిచేస్తే గంటకుగానీ గ్యాస్ వదిలేది కాదు. ఆ గంటలో బావ టవరు కింది గుంటలోకి దిగి, వేడికి వదులైన అడుగు మూత బోల్టులు గ్యాస్ కారకుండా ఇంకాస్త బిగించి, పైకొచ్చి తీరిగ్గా టీ తాగేవాడు.

తర్వాత కొత్త టవరు వచ్చింది. ఇందులో కరెంటు నేరుగా బొగ్గులోంచే పోతుంది. నాలుగు నిమిషాల్లో గ్యాస్ బయటికొస్తుంది. శిక్షణకు పిలిస్తే బావ ఈ వయసులో బడికి పోనన్నాడు. మూడు రోజులు నేనే వెళ్లొచ్చాను. ఏం నేర్పారని అడిగాడు. ఆయనకు నేను పాఠం చెప్పడమేమిటని సిగ్గేసింది.

"ఏముంది బావా, ఆవిరి బదులు కరెంటు. అంతే."

మొదటిరోజు ఆయన ఎప్పట్లాగే స్పానర్ తీసుకుని నిచ్చెన దిగాడు.

"స్విచ్ వెయ్యరా. అది గ్యాస్ వదిలేలోపు వచ్చేస్తా."

నాలుగు నిమిషాలేనని నాకు తెలుసు. నలుగురి ముందు ఆయన్ని ఆపడం బాగుండదనిపించింది. రెండు నిమిషాల పనేగా అనుకుని స్విచ్ వేశాను.

ఒక్కసారిగా వేడెక్కిన మూత సందుల్లోంచి గ్యాస్ కారింది. కంటికి కనపడదు. గాలికన్నా బరువు కాబట్టి గుంటలోనే పేరుకుంది. ఐదో నిమిషంలో స్పానర్ చప్పుడు ఆగిపోయింది. స్విచ్ కట్టేసి పిలిచాను. పలకలేదు. మాస్కులు తగిలించుకున్నవాళ్లు వచ్చి పైకి లాగేసరికి ఆలస్యమైపోయింది.

బావ బతికాడు. తింటాడు, నడుస్తాడు. ఈరోజు ఏ రోజో మాత్రం తెలియదు. శిక్షణకు రానన్నది ఆయనేనని విచారణలో రాసుకుని పోయారు. తమ్ముడు లేకపోతే మనిషి దక్కేవాడు కాదని అక్క వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ముందు నాకే వడ్డిస్తుంది.

నిన్న ఆ కుళాయి బాగుచేద్దామని వెళ్లాను. బావ పక్కన కూర్చుని నా చేతిలోంచి స్పానర్ తీసుకున్నాడు. ఎలా పట్టుకోవాలో ఆ చేతికి ఇంకా గుర్తుంది.

"స్విచ్ వేశావా?" అన్నాడు.

"వేశాను బావా."

"కంగారేం లేదులే. ఇంకా గంట టైముంది."

గుమ్మంలో నిలబడి అక్క మా ఇద్దర్నీ చూస్తోంది. నాలుగు నిమిషాలేనని ఇప్పుడైనా చెప్పాలి.

"ఉంది బావా" అన్నాను.