కవరు తియ్యని సోఫా

నేను ఒక సోఫాని. మూడు సీట్లు, మెరూన్ రంగు మొఖమలు బట్ట. పైకి కనబడే చేతులు మాత్రమే టేకు, లోపలంతా వేపచెక్కా కొబ్బరి పీచూనూ. ఈ సంగతి మా మంగతాయారుతో అనకండేం, బెంగెట్టుకుంటుంది.

నన్ను తణుకులో మస్తాన్ అనే వడ్రంగి చేశాడు. ఆఖరి మేకు కొట్టి, నా మీదే గుర్రుపెట్టి గంటసేపు నిద్రపోయాడు. ఆహా, ఎంత హాయిగా ఉందో! ఇక రోజూ ఇదే భోగం అనుకున్నాను. ఆ తర్వాత పదకొండేళ్ళు నా మీద ఒక్క మనిషి కూర్చుంటే ఒట్టు.

ఎదురింటి రత్నమాల సోఫా కొందని తెలిసిన మర్నాడే మంగతాయారు నన్ను తెప్పించింది. ప్లాస్టిక్ కవరు మాత్రం తియ్యనివ్వలేదు. "మాసిపోద్దండీ. ఎవరైనా పెద్దోళ్ళొచ్చినప్పుడు తీద్దాం." ఆ పెద్దోళ్ళెవరో ఆవిడకే తెలీదు. చుట్టాలొస్తే నన్ను చూపించి, వాళ్ళకి కుర్చీలు వేసేది. చెడ్డదేం కాదు పాపం. పుట్టింట్లో ఉన్నది ఒక్కటే కుర్చీ, అదీ కాలు విరిగింది.

ఆవిడ భర్త సూర్రావు ఆర్టీసీ డ్రైవరు. పొద్దస్తమానం బస్సులో నడుం హూనం చేసుకుని ఇంటికొచ్చి, నేల మీద చతికిలబడి, నాకు వీపు ఆనించి టీవీ చూసేవాడు. కొన్నది ఆయన జీతంతోనే! పిచ్చి మారాజు. ఆయన్ని చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మొన్న వేసవిలో ఓ సాయంత్రం నేల మీంచి లేవబోయి "అమ్మా!" అని అరిచాడు. నడుం పట్టేసింది. మంచం లోపలి గదిలో ఉంది, అంతదూరం నడవలేడు. మంగతాయారు ఆయన చంకల కింద చేతులేసి నా వైపు లాగింది. అంత నొప్పిలోనూ సూర్రావు చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దే, ఒళ్ళంతా చెమట. సోఫా పాడైపోద్ది."

మంగతాయారు మొహం పాలిపోయింది. ఆయన్ని మెల్లగా గోడకి చేరేసి, వంటింట్లోకి పరిగెత్తి చాకు తెచ్చింది. కవరు ఈ చివర్నుంచి ఆ చివరికి పర్రున చీరేసింది. ఆయన్ని నా మీద బోర్లా పడుకోబెట్టి, కొబ్బరినూనెలో కర్పూరం కాచి నడుముకి పట్టించింది. నూనె రాస్తూనే ఏడ్చింది. నూనే, కన్నీళ్ళూ అన్నీ నాలోకే ఇంకాయి. అబ్బ, నాకెంత సంతోషమేసిందో!

నెల తర్వాత రత్నమాల పేరంటానికి పిలవడానికొచ్చింది. సూర్రావు నా మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆవిడ చూపు తిన్నగా మధ్య సీటు మీద పడింది.

"అయ్యో వదినా, ఇంత మరకేంటి?"

"మీ అన్నయ్యగారి నడుం మందు," అంది మంగతాయారు, పట్టుచీర గురించి చెప్పినంత గొప్పగా. "నిలబడే ఉన్నావేం, కూర్చో వదినా. ఏవండీ, కాస్త జరగండి."

ఆవిణ్ణి ఓ చివర కూర్చోబెట్టి, తను మరక మీదే కూలబడింది. పదకొండేళ్ళకి నా మూడు సీట్లూ నిండాయి.