వేద కోసం వెతికిన కాలేజీ

ఆంజనేయప్రసాద్ స్ప్రెడ్‌షీట్ వెయ్యనిదే ఏ పనీ మొదలుపెట్టడు. ఫ్రిస్కోలో ఇల్లు కొన్నా అంతే, ఇంట్లో బియ్యం బ్రాండ్ మార్చినా అంతే. ఇప్పుడు కూతురు వేద చదువు కోసం పదకొండు కాలేజీలకు తనే ఫోన్లు చేశాడు. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళకు విడిగా ఆఫీసు ఉందా, సైన్యంలో పొందిన శిక్షణను చదువులో క్రెడిట్లుగా లెక్కేస్తారా, నిద్ర పట్టనివాళ్ళతో మాట్లాడే కౌన్సెలర్ ఉన్నారా, ఎవరి కోసమో చెప్పకుండానే అన్నీ ఓపిగ్గా అడిగాడు.

వేద నాలుగేళ్ళు ఆర్మీలో చేసి వచ్చింది. వచ్చాక నలుగురిలో ఇమడలేకపోయింది. చెట్ల మధ్య ఉంటేనే ఊపిరాడుతోందని, అడవులనూ నేలనూ నీళ్ళనూ కాపాడే చదువు చదువుతానని అంది. కంప్యూటర్ సైన్స్ అన్న మాట గొంతుదాకా వచ్చినా ప్రసాద్ మింగేశాడు. పిల్ల దగ్గర్లో ఉంటే చాలు. ఆ నాలుగేళ్ళూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాడు. మళ్ళీ దూరం పంపే శక్తి అతనికి లేదు.

ఇంత ప్రేమ ఉన్న మనిషీ తెలిసినవాళ్ళందరికీ ఏం చెప్పాడంటే, 'మా అమ్మాయికి బాస్టన్‌లో జాబ్' అని. ఆడపిల్ల సైన్యంలో చేరిందంటే పదిమందీ పదిరకాలుగా అనుకుంటారని భయం. ఆమె తిరిగొచ్చినా ఆ అబద్ధం అలాగే నడుస్తోంది.

వడపోతలో చివరికి రెండు కాలేజీలు మిగిలాయి. ఒకటి ఎక్కడో దూరంగా, విమానమెక్కి వెళ్ళాల్సిన మోంటానాలో. రెండోది ఇంటికి రెండున్నర గంటల డ్రైవ్. శుక్రవారం తండ్రీ కూతుళ్ళు దాన్ని చూడ్డానికి వెళ్ళారు.

అక్కడ మాజీ సైనికుల కోసం ఉన్న వెటరన్స్ ఆఫీసులో వేద తనలాంటివాళ్ళతో కూర్చుని కబుర్లలో పడింది. ఎవరో ఏదో అంటే పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! ప్రసాద్ కళ్ళు తుడుచుకోవడానికి బయటికొచ్చాడు.

"నమస్తే అంకుల్, తెలుగువాళ్ళేనా?" భుజాన బ్యాగుతో ఒకమ్మాయి ఆగింది. "నేను శ్రీవల్లి. ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నా." తలుపు మీది బోర్డు చూసింది. "మీవాళ్ళెవరైనా వెటరనా అంకుల్?"

"అబ్బే, లేదమ్మా. పార్కింగ్ పర్మిట్ ఎక్కడిస్తారో అడుగుదామని వచ్చా."

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో వేద నిలబడి ఉంది.

ఇద్దరూ వెళ్ళి కారు ఎక్కారు.

"ఈ కాలేజ్ చాలా నచ్చింది నాన్నా. కానీ నేను మోంటానా వెళ్తాను."

"ఏదో నోటికొచ్చేసింది తల్లీ. తప్పయిపోయింది."

"కోపం లేదు నాన్నా. నీ దగ్గర ఉంటే నేను రోజూ హైడ్ అవ్వాలి. ఐయామ్ టయర్డ్. నీ దగ్గర మోంటానా వాళ్ళ నంబర్ ఉంది కదా, కాల్ చెయ్యి."

బతిమాలాలనుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని బతిమాలతాడు? నంబర్ నొక్కాడు. ఎవరు మాట్లాడుతున్నారని అవతలి మనిషి అడిగాడు.

"నేను ఒక వెటరన్ తండ్రిని," అన్నాడు ఇంగ్లిష్‌లో. ఇన్నేళ్ళలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

వేద అతని చేతి మీద చెయ్యి వేసింది.

"నేను ఎప్పుడు రావాలో అడుగు నాన్నా," అంది.