పచ్చికుండలో నీళ్లు

పగిలితే పక్కవాళ్ల పాత్రలూ పోతాయంటూ, కుండల తరగతి మాస్టారు నా కూజాను బట్టీలో పెట్టనివ్వలేదు. నాకు ఒళ్లు మండింది. ఇంటికి తెచ్చి, బాగా ఆరనిచ్చి, పెరట్లోని ఇనుప డ్రమ్ములో రంపపు పొట్టు నడుమ పూడ్చి, పైనుంచి నిప్పు పెట్టాను.

"పొగే గాని మంటేదీ వదినా? దోమలకా ఇది?" అన్నాడు మా మరిది.

"మంట లేస్తే పగులుతుంది. మూత బిగించాలి, నీ నోటికి బిగించాల్సినట్టే."

మర్నాడు బూడిదలోంచి తీసిన నల్లని కూజాను వేలితో కొట్టాను. ఖంగుమంది. పచ్చికుండలో నీళ్లు నిలవవని నవ్వుతూ మరిదే నింపాడు.

"కారుతోంది వదినా!"

"కారడం కాదు, చెమర్చడం. తాగి చూడు."

తాగాడు. మళ్లీ గ్లాసు చాపాడు. మిగిలిన నీళ్లతోనే కూజాను మాస్టారి బల్లమీద పెట్టి వచ్చాను.