వెనకవైపు పక్షి

జెండాలు కుట్టే ఆ హాల్లో ఒక్క తప్పుకే అందరికీ వణుకు. జెండాకి రెండు వైపులా జాతీయ పక్షి ఉంటుంది. దాని కాళ్ళ దగ్గరి కంకి తిండికి గుర్తు, చుట్టూ ఉన్న నీలం అంచు సముద్రానికి. ముక్కు మాత్రం ఎటు నుంచి చూసినా స్తంభం వైపే ఉండాలి. అప్పుడే దేశం ముందుకు వెళ్తున్నట్టు. అందుకే వెనకవైపు పక్షికి అచ్చుకాగితాన్ని తిరగేసి గీసుకోవాలి. మరిచారా, దేశం తోక ముడిచి పారిపోతున్నట్టే.

అక్కడ పక్కపక్క బల్లల మీద కుట్టే అక్కచెల్లెళ్ళలో చెల్లెలు సరిగ్గా అదే మరిచింది. ఆ సంగతి తెలిసేసరికి తనిఖీ అధికారి పక్కబల్ల దాకా వచ్చేశాడు.

తనదైతే చివాట్లతో పోయేది. ఆ జెండా అక్క నంబరు మీద ఉంది. ఏడాదిగా అక్క కళ్ళకి వెలుగూ చీకటీ తప్ప ఏమీ ఆనడం లేదు. ఆ మాట బయటపడితే ఆ రోజే ఇంటికి పంపేస్తారు. అందుకని అక్క గుడ్డ మీదికి వంగి చూస్తున్నట్టు నటిస్తుంది, చెల్లెలు రెండు బల్లల చాకిరీ నెత్తిన వేసుకుంది. నిద్ర చాలని కళ్ళతోనే ఈ పొరపాటు చేసింది.

అధికారి జెండాని కిటికీ దగ్గర పట్టుకుని ముందువైపు ఈకలన్నీ శ్రద్ధగా చూశాడు. వెనక్కి తిప్పే ఓపిక ఆయన జీతంలో లేదు కాబోలు. "బాగుంది. సాయంత్రం సభాభవనం మీద ఎగిరేది ఇదే" అని అంచు మీద ముద్ర కొట్టాడు.

బతికిపోయాం అనుకుంది చెల్లెలు.

అక్క జెండా మడత పెడుతోంది. వేళ్ళు వెనకవైపు పాకి, ముక్కు దగ్గర ఆగాయి. చెల్లెలు బల్ల కింద ఆమె కాలు తొక్కింది. అక్క కాలు వెనక్కి తీసుకుంది.

"అయ్యా, ఇది పనికిరాదండీ. వెనక పక్షి తిరగబడింది."

"నాకే కనపళ్ళేదు. మీకెలా కనపడిందమ్మా?"

"కనపడలేదండీ. చేతికి తగిలింది."

అధికారి ఆమె మొహం ముందు చెయ్యి ఆడించాడు. రెప్ప కదల్లేదు. హాల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఊరుకుంటే నీ సొమ్మేం పోయేదక్కా?" అంది చెల్లెలు.

"సాయంత్రం ఊరంతా తలెత్తి చూస్తారే. ఇరవై ఏళ్ళు కుట్టినదాన్ని, పారిపోయే పక్షిని ఎగరనిస్తానా?"

అధికారి పుస్తకంలో అక్క నంబరు రాసుకున్నాడు. "ఇది సరిచేసి వెళ్ళండమ్మా. రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు తల దించుకుని.

చెల్లెలు కత్తెర అందుకోబోతే అక్క చెయ్యి చాచింది. "ఇటివ్వు. విప్పడం నాకు రాదా ఏం?"

ఇక వంగాల్సిన పని లేదు. అక్క నడుం నిటారుగా పెట్టి, మొహం కిటికీ వైపు తిప్పుకుని, పోగు తర్వాత పోగు తెంపుతోంది. చెల్లెలు కాగితం తిరగేసి పరిచి, పెన్సిలు పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు, గీత కనిపిస్తేగా.